గోదావరి జిల్లాల్లో లైబ్రరీ సైన్స్ వీకెండ్ క్లాసులు: చేరాలనుకునేవాళ్ళకి నా రివ్యూ

ముందే రేటింగ్ ఇచ్చేస్తానండి. క్లాసులకి, మెటీరియల్ కి 5 కి రెండున్నర. అక్కడ దొరికే మనుషులకి 5 కి 5. ఇంత తేడా ఎందుకో చెప్పాలనే ఇంత పొడుగు రాస్తున్నా. మన భీమవరం, పాలకొల్లు, నరసాపురం, రాజోలు, అమలాపురం చుట్టుపక్కల నుంచి చాలామంది డిగ్రీ అయిపోయింది లైబ్రరీ సైన్స్ చేస్తే ఉద్యోగం వస్తదా, డిస్టెన్స్ లో చేస్తే విలువ ఉంటదా అని అడుగుతా ఉంటారు, చెప్పేవాళ్ళేమో "ఫీజు కట్టెయ్, పరీక్ష రాసెయ్, క్లాసులకి వెళ్ళక్కర్లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ సలహా విని చేరినవాళ్ళు చాలామంది చేతిలో సర్టిఫికెట్ పెట్టుకుని ఎవర్ని అడగాలో తెలీక కూర్చున్నారు, అది చూసి బాధేసి రాస్తున్నా.

సెంటర్ పేరు, యూనివర్సిటీ పేరు రాయట్లేదండి. గోదావరికి పడమర వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఆదివారాలు నడిచే స్టడీ సెంటర్ అనుకోండి చాలు. నేను బి.ఎల్.ఐ.ఎస్సీ (లైబ్రరీ సైన్స్ లో బ్యాచిలర్ డిగ్రీ) అక్కడే చేశా, ఇప్పుడు ఎం.ఎల్.ఐ.ఎస్సీ (అందులోనే పీజీ) కూడా అక్కడే చేస్తున్నా, కాబట్టి బయటనుంచి చూసి చెప్పే మాట కాదు.

తెలీనివాళ్ళ కోసం కొంచెం. ఏ డిగ్రీ అయినా ఉంటే బి.ఎల్.ఐ.ఎస్సీ చెయ్యొచ్చు, అది ఒక సంవత్సరం, దాని మీద ఎం.ఎల్.ఐ.ఎస్సీ ఇంకో సంవత్సరం. డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్ గా యూజీసీ స్కేల్ లో వెళ్ళాలంటే పీజీలో 55 శాతం మార్కులు, దాంతోపాటు నెట్ గానీ సెట్ గానీ (ఇవి అర్హత పరీక్షలు), లేదంటే పీహెచ్‌డీ ఉండాలి. నెట్ లో మన సబ్జెక్ట్ కోడ్ 59. ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీలు, స్కూళ్ళు, పబ్లిక్ లైబ్రరీలు ఎవరి లెక్క వాళ్ళది. ఫీజు ఏటా మారుద్ది, నోటిఫికేషన్ లో చూసుకోండి.

ఇక రెండున్నర ఎందుకంటే, మెటీరియల్ సగం సంవత్సరం గడిచాక గానీ చేతికి రాలేదు. క్లాసు లేదన్న సంగతి అక్కడికి వెళ్ళాక తెలిసేది, అవతల సఖినేటిపల్లి నుంచి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద దాటి నరసాపురం వచ్చి అక్కణ్ణుంచి బస్సెక్కి వచ్చే అమ్మాయిలు ఉన్నారండి మా బ్యాచ్ లో, వాళ్ళకి ఒక ఫోన్ చేసి చెప్పే నాథుడు లేడు. అన్నిటికంటే పెద్ద లోటు ప్రాక్టికల్స్. డ్యూయీ డెసిమల్ క్లాసిఫికేషన్ (పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లు ఇచ్చే పద్ధతి) వాల్యూములు ఉన్నది ఒక్క సెట్టు, అది కూడా పాత ఎడిషన్, క్లాసంతా దాని చుట్టూ మూగాలి. క్లాసిఫికేషన్ అనేది చేత్తో పేజీలు తిప్పి తిప్పి నేర్చుకోవాల్సిన పని, ఇండెక్స్ లో పదం చూసి, షెడ్యూల్ లో నంబర్ సరిచూసి, టేబుల్స్ నుంచి కలపాల్సింది కలిపి, ఇదంతా అలవాటు లేకపోతే ప్రాక్టికల్ పరీక్షలో టైం మొత్తం పేజీలు వెతకడానికే పోద్ది. కోహా సాఫ్ట్‌వేర్ (లైబ్రరీ కేటలాగ్ నడిపేది) అయితే కంప్యూటర్ మీద కాదు, జిరాక్స్ కాయితాల మీద స్క్రీన్ బొమ్మలు చూపించి చెప్పారు. పాఠం చెప్పిన సార్లు మంచివాళ్ళే, సబ్జెక్ట్ వచ్చినవాళ్ళే, వాళ్ళ చేతిలో ల్యాబ్ పెట్టాల్సిన వాళ్ళు పెట్టలేదు. ఫీజు తీసుకున్నాక ఇది ఇవ్వాల్సిన బాధ్యత ఉంది, గట్టిగానే అంటున్నా.

మరి ఎందుకు వెళ్ళమంటున్నా అంటే, ఆ ఆదివారం క్లాసులో నీ పక్కన కూర్చునేది ఎవరో చూడండి. ఒకాయన ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీలో అసిస్టెంట్ గా పదేళ్ళ పైనుంచి చేస్తున్నాడు, ప్రమోషన్ కి డిగ్రీ కావాలి కాబట్టి వచ్చాడు, పని మొత్తం చేతికి వచ్చు. ఒకావిడ శాఖా గ్రంథాలయంలో చేస్తారు, గ్రంథాలయ సంస్థ లెక్కలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. పెళ్ళయ్యి పిల్లలు బడికెళ్ళాక మళ్ళీ పుస్తకం పట్టినవాళ్ళు ఉంటారు, నెట్ కోసం పట్టుదలగా చదివే కుర్రాళ్ళు ఉంటారు. వీళ్ళందరూ వారానికోసారి ఒక గదిలో కూర్చోవడమే ఈ కోర్సులో అసలు సరుకు. యూనివర్సిటీ రెగ్యులర్ క్లాసులో అందరూ ఒకే వయసు వాళ్ళు, అందరికీ ఒకటే తెలుసు. ఇక్కడ అలా కాదు.

శాఖా గ్రంథాలయం మేడం గారు ఒక మధ్యాహ్నం చెప్పింది విన్నాక నాకు పబ్లిక్ లైబ్రరీ అంటే ఏంటో అర్థమైంది. 1960 గ్రంథాలయాల చట్టం అని పుస్తకంలో ఒక పేరా ఉంటది, పరీక్షకి బట్టీ కొట్టి వదిలేస్తాం. ఆవిడ ఏం చెప్పారంటే మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటది, అది పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి, అది రావడం లేటైతే కొత్త పుస్తకాలు ఆగిపోతాయి, పేపర్ల బిల్లులు పేరుకుంటాయి, "రీడింగ్ రూంలో పేపర్ ఎందుకు రాలేదమ్మా" అని రోజూ వచ్చే పెద్దాయనకి జవాబు చెప్పాల్సింది మాత్రం కౌంటర్ లో కూర్చున్న మనిషి. ఇది విన్నాక ఆ పేరా నేను బట్టీ కొట్టలేదండి, అవసరం పడలేదు.

ఇంకో సంగతి దగ్గరుండి చూపిస్తా. ఇంజినీరింగ్ కాలేజీ సార్ ల్యాప్‌టాప్ తెచ్చి కోహా ఎక్కించి మాకు చూపించేవారు, అది లైనక్స్ మీద నడుస్తది, మనలో చాలామందికి విండోస్ తప్ప ఏదీ తెలీదు, అందుకని విండోస్ లోపలే లైనక్స్ నడిపే వర్చువల్ మెషీన్ ఫైల్ పెన్‌డ్రైవ్ లో ఎక్కించి అందరికీ ఇచ్చారు. కోహా న్యూజీలాండ్ లో ఒక లైబ్రరీ కోసం 1999 లో రాయించుకున్న సాఫ్ట్‌వేర్, పైసా ఖర్చు లేదు, ఎవరైనా దింపుకోవచ్చు. ఆ రోజు ఆయన వెతికే పెట్టెలో అడివి బాపిరాజు అని కొట్టారు. మన భీమవరం వైపు ఆయన కదా, ఏ కాలేజీలో అయినా ఆయన పుస్తకాలు ఉంటాయి. కొన్ని వచ్చాయి. మళ్ళీ "బాపిరాజు, అడివి" అని కొట్టారు, వేరే పుస్తకాలు వచ్చాయి. అదే రచయిత, అదే బీరువా, కానీ కేటలాగ్ లో ఇద్దరు మనుషులు అయిపోయారు. ఎందుకంటే మనకి ఇంటిపేరు ముందు వస్తది, ఎంట్రీ చేసిన ఒకళ్ళేమో ఇంగ్లీషు వాళ్ళ పేర్ల లాగా చివరి మాటే ఇంటిపేరు అనుకుని తిప్పి రాశారు, ఇంకొకళ్ళు సరిగ్గా రాశారు. దీనికి మందు అథారిటీ రికార్డు, అంటే ఒక్కో రచయిత పేరుకి ఏ రూపం వాడాలో రాసిపెట్టే రికార్డు. సరైన రూపం ఆ రికార్డులో 100 ట్యాగ్ (అంటే 100 నంబర్ గడి) లో పెట్టి, తప్పుగా వెతికే రూపాలన్నీ 400 లో పెడితే పాఠకుడు ఎలా కొట్టినా ఒకే చోటికి వస్తాడు. ఇంకా కొన్ని రికార్డులు అసలు వెతుకులాటకే దొరకలేదు, తెరిచి చూస్తే అక్షరాల బదులు పిచ్చి గీతలు, పాత రోజుల్లో అను ఫాంట్స్ లో కొట్టిన టైటిల్స్ అవి, యూనికోడ్ కాదు కాబట్టి కంప్యూటర్ కి అది తెలుగని తెలీదు. అవన్నీ మళ్ళీ కొట్టాల్సిందే. పాఠకుడి సమయం కాపాడమని మన దేశ లైబ్రరీ సైన్స్ కి ఆద్యుడు రంగనాథన్ గారు 1931 లో చెప్పిన నాలుగో సూత్రం మేమందరం పరీక్షలో రాశాం, అది కాపాడ్డం అంటే ఇలాంటి పని అని ఆ రోజు చూశాం. ఇంటర్వ్యూలో ఇది ఒక్కటి చెప్పగలిగితే ఎదుటాయన కుర్చీలో ముందుకి జరుగుతాడు, మా బ్యాచ్ లో ఒకమ్మాయికి అలాగే జరిగింది.

ప్రాక్టీసుకి మేం పెట్టుకున్న పద్ధతి కూడా బాగుంటది. బస్సులో వెళ్తుంటే కిటికీలోంచి కనపడినదానికి నంబర్ చెప్పాలి. వరి చేను 633.18, కొబ్బరి తోట 634.61, చేపల చెరువు 639.3. తెలుగు సాహిత్యం 894.827, కవిత్వం అయితే చివర 1, నవల అయితే చివర 3. మన డెల్టాలో బస్సెక్కితే ఈ మూడు నాలుగే మళ్ళీ మళ్ళీ కనపడతాయి కాబట్టి జన్మలో మర్చిపోం.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి, అంటే నెట్‌వర్కింగ్ అంటారు కదా, దాని గురించి కొంచెం మనసు విప్పి రాయాలి. మొదట్లో ఖాళీల సమాచారం అంతా సాయంత్రం క్లాసులయ్యాక కాలేజీ ఎదురుగా టీ కొట్టు దగ్గర తిరిగేది. ఫలానా కాలేజీలో అసిస్టెంట్ మానేశాడు, ఫలానా స్కూల్ వాళ్ళు లైబ్రేరియన్ కోసం చూస్తున్నారు, ఫలానా సార్ కి చెప్తే మాట సాయం చేస్తారు, ఇలాంటివన్నీ అక్కడే. కానీ రాజోలు వైపు వాళ్ళు చించినాడ వంతెన మీదుగా వెళ్ళే బస్సు అందుకోవాలి, పంటు దాటాల్సిన వాళ్ళు చీకటి పడకముందే రేవుకి చేరాలి, ఇళ్ళల్లో పిల్లలున్న వాళ్ళు ఆగలేరు, ఇంక ఆడపిల్లలు టీ కొట్టు దగ్గర నిలబడితే చూసేవాళ్ళు ఎలా చూస్తారో మీకు తెలీంది కాదు. దాంతో ఏమయ్యేదంటే క్లాసులో బాగా చదివే అమ్మాయిలకి ఖాళీ సంగతి అది నిండిపోయాక తెలిసేది. ఎవరూ కావాలని చేసింది కాదు, అయినా అన్యాయం అన్యాయమే.

దీన్ని మార్చింది మా సీనియర్ ఒకావిడ. ఆవిడేం గొడవ పెట్టలేదు, మధ్యాహ్నం క్యారేజీలు తినే టైంలో అందరూ లైబ్రరీ వరండాలోనే కూర్చోవాలి, ఎవరికి ఏ ఖాళీ తెలిసినా అక్కడే చెప్పాలి, సాయంత్రం కోసం దాచుకోకూడదు అని మగపిల్లల్ని కూర్చోబెట్టి చెప్పారు. వాళ్ళు కూడా "నిజమే అక్కా" అని ఒప్పుకున్నారు. అప్పణ్ణుంచి అదే ఆనవాయితీ. ఒకళ్ళు పులిహోర తెస్తే ఒకళ్ళు చేపల పులుసు, మధ్యలో ఖాళీలు, ఎవరి ఇంటర్వ్యూ ఎలా జరిగింది, ఏం అడిగారు, జీతం ఎంత చెప్పారు, చేతికి ఎంత ఇస్తున్నారు, అన్నీ బయటే మాట్లాడుకుంటాం. జీతాల గురించి బయటకి మాట్లాడుకోవడం వల్ల ఎంత మేలు జరిగిందో చెప్పలేనండి, పక్క కాలేజీలో ఎంత ఇస్తున్నారో తెలిస్తే అడిగే ధైర్యం దానంతటదే వస్తది.

ఇంకో మేలు న్యాక్ (కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే సంస్థ) సీజన్. న్యాక్ టీం వస్తుందంటే కాలేజీలకి లైబ్రరీ గుర్తొస్తది, వాళ్ళు చూసేవాటిలో లైబ్రరీ కూడా ఉంటది కదా, ఆటోమేషన్ అయ్యిందా, ఈ-జర్నల్స్ ఉన్నాయా, రోజుకి ఎంతమంది వాడుతున్నారు, అన్నిటికీ కాయితం చూపించాలి. అప్పుడు అక్కడ పనిచేసే సీనియర్లు మా బ్యాచ్ వాళ్ళని పిలుస్తారు, కొన్నాళ్ళ పనే గానీ డబ్బులు ఇస్తారు, చెయ్యి తిరుగుద్ది. అక్సెషన్ రిజిస్టర్ (వచ్చిన పుస్తకాలన్నీ వరస నంబర్లతో రాసేది) ముందు పెట్టుకుని ఒకళ్ళు నంబర్ చదువుతుంటే ఇంకొకళ్ళు ర్యాక్ లో పుస్తకం తీసి టైటిల్ పేజీ మీద, సీక్రెట్ పేజీ (లైబ్రరీ గుర్తు కోసం ఎంచుకున్న లోపలి పేజీ) మీద అదే నంబర్ ఉందో లేదో చూడాలి, బార్‌కోడ్ అంటించాలి, స్పైన్ లేబుల్ మీద కాల్ నంబర్ (ర్యాక్ లో పుస్తకం చోటు చెప్పే నంబర్) సరిగ్గా పడిందా చూడాలి. పుస్తకం లేకపోతే రిజిస్టర్ లో పెన్సిల్ తో గుర్తు, పాడైపోతే వేరే కుప్ప. దుమ్ముకి తుమ్ములు వస్తాయి, మాస్కు పెట్టుకోండి. ఈ పని ఒక్కసారి చేసినవాళ్ళు స్టాక్ వెరిఫికేషన్ గురించి పుస్తకంలో ఎంత తక్కువ రాశారో గ్రహిస్తారు. మా వాళ్ళలో కొందరికి ఇలా వెళ్ళిన చోటే తర్వాత ఉద్యోగం కూడా వచ్చింది, పని చూసినవాళ్ళే రమ్మన్నారు.

బ్యాచ్ అంతా కలిసి వెళ్ళాల్సిన చోటు ఒకటుంది, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం. 1898 లో నాళం కృష్ణారావు గారు చిన్నగా మొదలెట్టిన వాసురాయ గ్రంథాలయం దాని మూలం, ఇప్పుడు పాత పత్రికలు, తాళపత్రాలు అన్నీ ఉన్న చోటు. పాత పత్రికల బైండింగులు ఎలా విడిపోతాయో, ఆమ్లం పట్టిన కాయితం వేలు తగిలితే ఎలా పెళుసుగా విరుగుద్దో ప్రిజర్వేషన్ పాఠంలో చదివితే తెలీదు, అక్కడ చూస్తే తెలుస్తది. అక్కడి సిబ్బందిని మర్యాదగా అడగండి, లైబ్రరీ సైన్స్ పిల్లలం అని చెప్తే ఓపిగ్గా చెప్తారు. వెళ్ళినవాళ్ళు రోజ్ మిల్క్ తాగకుండా ఎలాగూ రారు.

ఇంకోటి కూడా తెలుసుకోవాలి. గ్రంథాలయ ఉద్యమం అంటే మనకి దూరంగా ఎక్కడో జరిగింది కాదు, గ్రంథాలయ పితామహుడు అనిపించుకున్న అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టింది మన తూర్పు గోదావరి కొంకుదురులో, 1890 లో. ఆయన, ఆయన తోటివాళ్ళు కలిసి 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. దేశం మొత్తానికి ఇండియన్ లైబ్రరీ అసోసియేషన్ వచ్చింది 1933 లో. అంటే అఖిల భారత సంఘం రావడానికి పంతొమ్మిదేళ్ళ ముందే మనవాళ్ళు ఊరూరి లైబ్రరీ వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టారు. మా వరండా కూటమిని దాంతో పోల్చట్లేదు గానీ, సంఘం అనగానే "ఎందుకండీ రాజకీయాలు" అని తప్పించుకునే కుర్రాళ్ళకి ఈ సంగతి చెప్పాలనిపిస్తది. స్టూడెంట్ గా ఉన్నప్పుడే ఏదో ఒక సంఘంలో సభ్యత్వం తీసుకోండి, సమావేశాలకి వెళ్ళండి, పెద్ద లైబ్రేరియన్లు అక్కడ చేతికందే దూరంలో ఉంటారు, మామూలుగా అయితే వాళ్ళ గది బయట స్టూల్ మీద కూర్చోవాలి.

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా, మా బ్యాచ్ వాళ్ళు ఎవరి ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉంటే అక్కడికి సాయానికి వెళ్తారు, పిల్లలకి కథలు చదవడం, బొమ్మల పోటీలు, చిరిగిన పుస్తకాలు అంటించడం. బడి పిల్లలు అంతమంది ఒక్కసారిగా పుస్తకాల మీద పడితే ఆ గది కళే వేరండి. ఆగస్టు 12 రంగనాథన్ గారి జయంతి, ఆ రోజు పాత బ్యాచ్ లు కూడా కలుస్తాయి, కొత్తగా చేరినవాళ్ళు ఆ రోజు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో మానకండి.

బాగోలేనివి కూడా ఉన్నాయి ఇందులో. వాట్సాప్ గ్రూపు మొదట్లో గుడ్ మార్నింగులతో నిండిపోయి ఖాళీల మెసేజ్ కింద ఎక్కడో కూరుకుపోయేది, ఇప్పుడు ఖాళీలకి వేరే గ్రూపు పెట్టాం, అందులో ఇంకేం పెట్టకూడదు. ఉద్యోగం రాగానే కొందరు మాయమైపోతారు, ఫోన్ ఎత్తరు, తమకి ఖాళీ చెప్పినవాళ్ళు ఉన్నారన్న సంగతి వాళ్ళకి గుర్తుండదు, అది నాకు చాలా కష్టంగా ఉంటది. అసైన్‌మెంట్లు మక్కీకి మక్కీ కాపీ కొట్టి పంచుకోవడం కూడా సాయమే అనుకునేవాళ్ళు ఉన్నారు, అది సాయం కాదు, పని రాని మనిషిని తయారు చేసి కాలేజీ మీదకి తోలడం. ఇంకా ఇదంతా స్టూడెంట్లు సొంతంగా పెట్టుకున్నదే, సెంటర్ వైపు నుంచి ఒక్క పాత విద్యార్థుల మీటింగ్ లేదు, ఒక్క ప్లేస్‌మెంట్ మాట లేదు. ఒక బ్యాచ్ లో చొరవున్నవాళ్ళు లేకపోతే ఆ ఏడాది మొత్తం చప్పగా పోద్ది, నా ముందు బ్యాచ్ అలాగే పోయిందని చెప్తారు.

ఎవరు చేరొచ్చు అంటే, ఇప్పటికే ఏదో ఒక లైబ్రరీలో పని చేస్తున్నవాళ్ళు కళ్ళు మూసుకుని చేరొచ్చు. కొత్తగా వచ్చేవాళ్ళు ఆదివారాలు రాగలిగితేనే చేరండి. రాలేం, పరీక్షకి మాత్రం వస్తాం అనుకుంటే ఆ డబ్బుతో వేరే కోర్సు చూసుకోండి, నిజంగా మీ మంచికే చెప్తున్నా. వీలున్నవాళ్ళు, ఇంట్లో పంపిస్తామన్నవాళ్ళు రెగ్యులర్ గా ఆంధ్రా యూనివర్సిటీ లాంటి చోట చెయ్యడానికే చూడండి, అక్కడ లైబ్రరీ సైన్స్ 1935 నుంచి చెప్తున్నారు, ల్యాబూ లైబ్రరీ రెండూ పక్కనే ఉంటాయి. మా లాగా ఇల్లూ పనీ వదిలి వెళ్ళలేనివాళ్ళకి ఈ వీకెండ్ క్లాసులే దారి.

అడ్మిషన్ కోసం ఏ సెంటర్ కి వెళ్ళినా ఫీజు కట్టే ముందు మూడు అడగండి. డ్యూయీ ఏ ఎడిషన్ ఉంది, ఎన్ని సెట్లు ఉన్నాయి. కంప్యూటర్ ల్యాబ్ ఆదివారం తెరుస్తారా. పోయిన ఏడాది బ్యాచ్ లో ఒకళ్ళ నంబర్ ఇస్తారా. మూడోదానికి ఆఫీసు వాళ్ళు నసిగితే మధ్యాహ్నం దాకా ఆగి లైబ్రరీ వైపు వెళ్ళండి, క్యారేజీలు విప్పుకుని ఎవరో ఒకళ్ళు కూర్చునే ఉంటారు, వాళ్ళని అడగండి, అన్నీ చెప్తారు.